నల్లగుర్రం ఎక్కడికి పోయింది?
చిన్న మ్యూజియం వెబ్‌సైటును యువతరానికి చేరువ చేయడంపై ప్రసంగ పాఠం



ముంబై దక్షిణ భాగంలో కాలాఘోడా అనే ప్రసిద్ధమైన ప్రాంతం ఉన్నది. కాలాఘోడా అంటే నల్లగుర్రం. ఒకప్పుడు అక్కడ గుర్రమెక్కిన రాకుమారుని నల్లని కంచు విగ్రహం ఉండేది. ఆల్బర్ట్ ససూన్ అనే వర్తకుడు దానిని నగరానికి బహూకరించాడు. గుర్రంపై ఉన్నవాడు ఆనాటి వేల్స్ యువరాజు. తరువాతి కాలంలో ఏడవ ఎడ్వర్డ్ చక్రవర్తి. స్వాతంత్ర్యానంతరం, 1965లో, ఆ విగ్రహాన్ని అక్కడి నుంచి తొలగించారు. గుర్రం పోయినా పేరు మాత్రం పోలేదు. 2017లో అదే ప్రాంతంలో మరొక నల్లగుర్రాన్ని నిలబెట్టారు. ఈసారి దానిపై రౌతు లేడు.

మరి మొదటి గుర్రం ఏమైనట్లు? అది బైకుల్లాలోని రాణీబాగ్‌లో, డాక్టర్ భావూ దాజీ లాడ్ మ్యూజియం చెంతనే ఉన్నది. ప్రతి సంవత్సరం కాలాఘోడా ఉత్సవానికి వెళ్ళే వేలాది యువతీ యువకులలో ఎందరికి ఈ సంగతి తెలుసు? తెలిస్తే, ఒక్కసారి బైకుల్లా స్టేషనులో దిగి ఆ గుర్రాన్ని చూసి రావాలని కొందరికైనా అనిపించదా?

చిన్న మ్యూజియం వెబ్‌సైటును యువతరానికి తగినట్లు ఎలా తీర్చిదిద్దాలి అన్నది ఈనాటి విషయం. దానికి సమాధానంలో పెద్ద భాగం ఆ గుర్రం కథలోనే ఉన్నది. యువతరాన్ని ఆకర్షించేది రంగుల హంగు కాదు, తాము రోజూ నడిచే వీథిని గురించిన ఒక మంచి ప్రశ్న.

ముందుగా ఆ మ్యూజియం పరిచయం. 1872లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం అనే పేరుతో అది ప్రజలకు తెరువబడినది. ముంబైలో ఇదే అత్యంత ప్రాచీనమైన మ్యూజియం. దాని స్థాపనకు పాటుపడిన వారిలో వైద్యుడు, సంస్కృత పండితుడు, పురాతత్త్వ పరిశోధకుడు అయిన డాక్టర్ భావూ దాజీ లాడ్ ముఖ్యుడు. 1975లో మ్యూజియానికి ఆయన పేరు పెట్టారు. శిథిలావస్థకు చేరిన ఆ భవనాన్ని నగరపాలక సంస్థ, ఇన్‌టాక్, జమ్నాలాల్ బజాజ్ ఫౌండేషన్ కలిసి పునరుద్ధరించాయి. 2005లో ఆ కృషికి యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారం లభించినది. అక్కడ ఉన్నవి రాజుల నగలు కావు. 19వ శతాబ్దపు నగర పటాలు, చేతిపనులు, నాటి వృత్తులను, జనజీవనాన్ని చూపే మట్టి బొమ్మలు, నమూనా దృశ్యాలు ఉన్నాయి. క్లుప్తంగా చెప్పాలంటే అది ముంబై తన్ను తాను చూసుకునే అద్దం.

ఆ అద్దంలో తెలుగువారికీ చోటున్నది. నిజాం హైదరాబాదు రాజ్యంలోని తెలుగు జిల్లాల నుంచి వచ్చి, ఈ నగరంలో కట్టడపు పనులు చేసిన కామాఠీల వల్లనే కామాఠీపురాకు ఆ పేరు వచ్చినది. మ్యూజియం నుంచి ఆ పేట ఎంతో దూరం లేదు. తరువాతి తరాలలో కరీంనగరం, నల్లగొండ, వరంగల్లు ప్రాంతాల నుంచి పద్మశాలీలు వచ్చి నూలు మిల్లులలో మగ్గాల ముందు నిలిచారు; వర్లీ, లోయర్ పరేల్ చాళ్ళలో కాపురాలు పెట్టారు. వారి మనుమలు, మునిమనుమలు నేడు కళాశాలలలో ఉన్నారు. కామాఠీపురా పేరు ఇతర కారణాల వల్ల వార్తలకెక్కడం వారికి తెలుసు. ఆ పేరు వెనుక తమ పూర్వుల చెమట ఉన్నదని వారిలో అనేకులకు తెలియదు. మ్యూజియం గడప తొక్కని ప్రతి తరంతోనూ ఆ తెలియనితనం మరింత గట్టిపడుతుంది.

నేటి యువకుడు మ్యూజియం గడప తొక్కడానికి ముందు ఫోనులో దాని గడప తొక్కుతాడు. స్నేహితులతో ఆదివారం ఎక్కడికి పోవాలా అని లోకల్ రైలులో నిలబడి వెదికే ఆ రెండు నిమిషాలలోనే నిర్ణయం జరిగిపోతుంది. చిన్న మ్యూజియంల వెబ్‌సైట్లు అనేకం ఆ రెండు నిమిషాలకు సిద్ధంగా ఉండవు. తెరవగానే సంస్థ స్థాపన చరిత్ర, అధికారుల సందేశాలు, టెండరు ప్రకటనలు, ఎప్పటిదో తెలియని ఒక కార్యక్రమపు ఆహ్వానపత్రం కనబడతాయి. ఇవన్నీ కార్యాలయానికి అవసరమైనవే. కాని వెదుకుతున్నవానికి కావలసినవి వేరు: ఈరోజు తెరిచి ఉన్నదా? టికెట్టు ఎంత? విద్యార్థులకు తగ్గింపు ఉన్నదా? ఏ స్టేషనులో దిగాలి? ఎంతసేపు పడుతుంది? ఫొటోలు తీసుకోనిస్తారా? చక్రాల కుర్చీలో ఉన్న అవ్వను తీసుకురావచ్చునా? ఈ ఏడు ప్రశ్నలకు మొదటి పుటలోనే, వేలితో ఒక్కసారి జరిపితే చాలునన్నట్లు, సమాధానాలు దొరకాలి. పునర్నిర్మాణంలో ఇది మొదటి మెట్టు. దీనికి పెద్ద ఖర్చు లేదు. కావలసినది ఇంటికి వచ్చే అతిథి అవసరాన్ని ముందుగా ఊహించే మర్యాద.

రెండవ మెట్టు ప్రశ్న. వస్తువుల పట్టికకు బదులుగా వస్తువుల వెనుక ఉన్న సందేహాలతో పుటలు కట్టాలి. నల్లగుర్రం అటువంటిది ఒకటి. ఆ ఆవరణలోనే మరొకటి ఉన్నది: రాతి ఏనుగు. ఘారాపురి ద్వీపానికి పోర్చుగీసువారు ఎలిఫాంటా అని పేరు పెట్టడానికి కారణమైన ఏనుగు అదే. 1864లో దానిని ఇంగ్లండుకు తరలించే ప్రయత్నంలో పైకెత్తే యంత్రం తట్టుకోలేక అది ముక్కలైనది. ఆ ముక్కలను తరువాతి కాలంలో తిరిగి అతికి నిలబెట్టారు. ఎలిఫాంటా గుహలకు పడవలో వెళ్ళివచ్చే వారిలో ఎందరో ద్వీపానికి పేరిచ్చిన ఏనుగును మాత్రం చూడరు. “పేరు ద్వీపం మీద, ఏనుగు బైకుల్లాలో, ఎందుకు?” అన్న ఒక్క వాక్యం, ఒక మంచి ఫొటో, అతుకుల గీతలు కనబడే ఒక దగ్గరి చిత్రం, నూరు మాటల కథ, దారి చూపే పటం: ఇంతే ఆ పుట. కథలో సగం ఫోనులో చెప్పి, అతుకుల జాడలను స్వయంగా వెదకడం వచ్చినవారికి విడిచిపెట్టాలి.

ఇక్కడ హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియం గడియారాన్ని స్మరించడం ఉచితం. ఆ మ్యూజియంలో అమూల్య వస్తువులు వేలకొలది ఉన్నా, గంట కొట్టే వేళకు పిల్లలూ పెద్దలూ పరుగున వచ్చి గడియారం ముందు కూర్చుంటారు. చిన్న బొమ్మ మనిషి లోపలి నుంచి వచ్చి గంట కొట్టి వెళ్ళిపోతాడు. జరిగేది అంతే. అయినా ఆ జనం ఎందుకు చేరుతున్నారు? ఒక నిర్ణీత వేళకు ఏదో జరుగుతుందని ముందుగా తెలుసు గనుక. అందరూ కలిసి ఎదురుచూస్తారు గనుక. చిన్న మ్యూజియం తన వెబ్‌సైటులో ఈ సూత్రాన్ని పాటించవచ్చు. ప్రతి శనివారం ఒక వస్తువు గురించి పదిహేను నిమిషాల మాట. నెలకొక వస్తువును పెట్టెలో నుంచి తీసి దగ్గరగా చూపడం. అది ఏ రోజు, ఏ గంటకు అన్న స్పష్టమైన ప్రకటన. నిలకడగా, తప్పకుండా జరిగే చిన్న కార్యక్రమం ఏడాదికొకసారి జరిగే పెద్ద సంబరం కంటె యువకులను ఎక్కువగా రప్పిస్తుంది.

పొరుగు బలాన్ని కూడ మరువరాదు. అదే రాణీబాగ్‌లో 2017 నుంచి పెంగ్విన్‌లను చూడడానికి కుటుంబాలు తండోపతండాలుగా వస్తున్నాయి. మ్యూజియం అక్కడికి కొద్ది అడుగుల దూరంలోనే ఉన్నది. జంతుప్రదర్శనశాల కోసం ఫోనులో వెదికిన వారికి “పక్కనే ఉన్న మ్యూజియంలో అరగంటలో చూడదగిన ఐదు వస్తువులు” అన్న పుట ఎదురుపడితే, ఇంటికి మళ్ళబోయిన కుటుంబం అటు తిరుగుతుంది. వెబ్‌సైటు అనేది ఒంటరి దీవి కారాదు. జనం ఏ దారిన పోతున్నారో ఆ దారిలో దానికి ఒక గుమ్మం ఉండాలి.

మూడవ మెట్టు అన్నింటికంటె గంభీరమైనది. మ్యూజియంలోని మట్టి బొమ్మలు నాటి వృత్తులవారిని, కులాలవారిని, సంప్రదాయాలవారిని చూపుతాయి. అవి నేర్పుతో చేసినవి. కాని వలస పాలన కాలపు చూపు వాటిలో ఉన్నది. ఒక బొమ్మ ఒక వృత్తికి గుర్తు. ఆ మనిషికి పేరు లేదు, ఊరు లేదు, మాట లేదు. గాజుపెట్టె పక్కన అతికించిన రెండు పంక్తుల చీటీలో ఆ లోటు తీరదు. వెబ్‌సైటులో తీరుతుంది. మేస్త్రీ బొమ్మ ఉన్న పుటలోనే, తాత ముత్తాతల కాలం నుంచి కట్టుబడి పని చేసిన కుటుంబపు వృద్ధుని గొంతు వినబడవచ్చు. మగ్గం పుటలో, మిల్లు భోంగా కూతకు నిద్రలేచిన వీథి జ్ఞాపకం చేరవచ్చు. బొమ్మకు దక్కని పేరు ఆ విధంగా మనిషికి దక్కుతుంది.

ఈ పని యువకులే చేయగలరు. ఇదే వారిని మ్యూజియానికి కట్టివేసే బలమైన ముడి. చూసి పొమ్మన్న చోటికి యువకుడు ఒకసారి వస్తాడు. తన వంతు పని ఉన్న చోటికి మళ్ళీ మళ్ళీ వస్తాడు. తమ ఇంటి పెద్దల మాటలను ఐదు నిమిషాలపాటు ఫోనులో రికార్డు చేసి, ఊరు, పని, సుమారైన కాలం వ్రాసి మ్యూజియానికి అందించమని కళాశాల విద్యార్థులను కోరవచ్చు. అయితే చరిత్ర విషయంలో జాగ్రత్త తప్పదు. కుటుంబంలో చెప్పుకునే కథను “కుటుంబ కథనం” అని, పత్రంలోనో పటంలోనో దొరికిన దానిని “పత్రాధారం” అని వేరువేరుగా గుర్తించి పెట్టాలి. రెండూ విలువైనవే. ఒకదానిని మరొకటిగా చూపడమే తప్పు. ఈ భేదాన్ని పాటించడం నేర్చుకున్న విద్యార్థి ఒక చిన్న చరిత్రకారుడవుతాడు.

పిల్లల వివరాల విషయంలో చట్టమూ ఉన్నది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ళు నిండనివారి సమాచారాన్ని సేకరించాలంటే తల్లి లేక తండ్రి సమ్మతి, అదీ సరిచూడదగిన రీతిలో, ఉండాలి. పిల్లలు ఏమి చూస్తున్నారో వెంబడించి వారికి గురిపెట్టి ప్రకటనలు చూపడాన్ని ఆ చట్టం నిషేధిస్తున్నది. కనుక సందర్శకుల పేరు, వయస్సు, ఫోను నంబరు అడిగిన తరువాతనే తలుపు తెరిచే పద్ధతి చిన్న మ్యూజియానికి తగదు. అడగకుండానే చూపదగినదంతా చూపాలి. మాట రికార్డు చేయించుకునే వృద్ధులకు కూడ అది ఎక్కడ వినబడుతుందో ముందుగా చెప్పి అనుమతి తీసుకోవాలి.

తరువాతి విషయం భాష. ముంబై నగరపాలక సంస్థ ఎనిమిది మాధ్యమాలలో పాఠశాలలు నడుపుతూ వచ్చినది. వాటిలో తెలుగు ఒకటి. అయినా నేటి తెలుగు పిల్లలలో అధికులు మరాఠీలోనో, హిందీలోనో, ఆంగ్లంలోనో చదువుతున్నారు. వారికి ఇంట్లో మాట్లాడే తెలుగు వస్తుంది, లిపి రాదు. వారి అవ్వకు కథ తెలుసు. ఫోనులోని ఆంగ్లం తెలియదు. ఇటువంటి ఇంటికి కేవలం అనువదించిన తెలుగు పుట ఒక్కటే చాలదు. మనుమరాలు దానిని చదవలేదు. అవ్వ దానిని వెదకలేదు. కావలసినది తెలుగు ధ్వని. పుటపై చిన్న గుర్తును తాకితే రెండు నిమిషాల తెలుగు మాట వినిపించాలి. కింద అదే మాట తెలుగు లిపిలో, మరాఠీలో, ఆంగ్లంలో ఉండాలి. అప్పుడు మనుమరాలు ఫోను పట్టుకుంటుంది, అవ్వ వింటుంది. విన్న అవ్వ “అట్ల కాదే, ఇట్ల ఉండేది” అని సరిదిద్దుతుంది. ఆ క్షణంలోనే మ్యూజియం ఆ ఇంట్లో అడుగుపెట్టినట్లు. ఆ ధ్వని పత్రికా భాషలో బిగుసుకుపోక, తెలంగాణ పలుకుబడికి మరాఠీ తోడైన ముంబై తెలుగులో ఉంటే ఇంకా మంచిది.

లిపి ఉంచేటప్పుడు ఒక సాంకేతిక నియమం తప్పనిసరి. తెలుగు అక్షరాలు యూనికోడ్‌లోనే ఉండాలి. పాత ఫాంట్లలో టైపు చేసిన తెలుగు, ఆ ఫాంటు లేని ఫోనులో అర్థంలేని గుర్తులుగా మారుతుంది. అచ్చు కరపత్రాన్ని ఫొటో తీసి అతికిస్తే చూడడానికి బాగుంటుంది గాని, వెదికేవారికి దొరకదు, చూపులేనివారికి చదివి వినిపించే యంత్రానికి అందదు. వెదికితే దొరకని తెలుగు లేనట్లే లెక్క.

చూపు తక్కువైనవారి అవసరాలు దయాదాక్షిణ్యాల విషయం కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం దానిని హక్కుగా గుర్తించినది. ప్రతి చిత్రానికి దానిలో ఏమున్నదో చెప్పే ఒక వాక్యం జతపరచాలి. అక్షరాలకూ వెనుక రంగుకూ మధ్య వెలుగు తేడా అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం కనీసం 4.5:1 ఉండాలి. బూడిదరంగుపై లేత బూడిదరంగు అక్షరాలు నాజూకుగా కనబడవచ్చు. ఎండలో బస్సు కోసం నిలబడినవానికి అవి కనబడవు.

బరువు సంగతి కూడ అంతే ముఖ్యం. కెమెరా నుంచి వచ్చిన ఫొటో ఐదారు మెగాబైట్లు ఉంటుంది. ఫోను తెరకు తగినట్లు కుదిస్తే అదే ఫొటో రెండు మూడు వందల కిలోబైట్లలో సరిపోతుంది. పది బరువైన ఫొటోలతో, తనంత తానే ఆడే వీడియోతో నిండిన మొదటి పుట, పాత ఫోనున్న విద్యార్థికి మూసిన తలుపే. పెద్ద చిత్రం కావాలన్న వారికి అది విడిగా దొరకాలి.

చిత్రాలన్నీ ఫోనులోనే చూపిస్తే జనం మ్యూజియానికి ఎందుకు వస్తారు అన్న శంక అనేకులకు ఉన్నది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం 2012లో దాదాపు 1,25,000 కళాఖండాల నాణ్యమైన చిత్రాలను ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచి, ఎవరైనా దించుకోవచ్చునన్నది. ఆ మ్యూజియం అందువల్ల వెలవెలబోలేదు. తిరుపతి వేంకటేశ్వరుని పటం ఇంటింటా ఉన్నది. దాని వల్ల కొండపై జనం తగ్గినారా? బొమ్మ చూసిన కన్ను అసలును చూడగోరుతుంది. అయితే రైక్స్ మ్యూజియం ధనబలం చిన్న మ్యూజియానికి లేదు. దానిని అనుకరించబోయి వేల చిత్రాలను వివరాలు లేకుండా గుమ్మరించడం కంటె, ఇరవై వస్తువులను నిండుగా చెప్పడం మేలు. భారతదేశంలో కేంద్ర సంస్కృతి మంత్రిత్వ శాఖ పూనికతో సి-డాక్ రూపొందించిన “జతన్” అనే సాఫ్ట్‌వేరు ఉన్నది. జాతీయ మ్యూజియంల వస్తువుల వివరాలు దాని సాయంతో నమోదవుతున్నాయి. చిన్న మ్యూజియంలు తమ పట్టికను అటువంటి క్రమపద్ధతిలో ఒక్కసారి వ్రాసి పెట్టుకుంటే, వెబ్‌సైటు రూపం ఎన్నిసార్లు మారినా వివరాలు చెడిపోవు.

వెబ్‌సైటు కట్టడం కంటె కాపాడడం కష్టం. ప్రారంభోత్సవం నాడు మిలమిలలాడి, మరుసటి ఏడు పాత సమయాలు, పాత టికెట్టు ధర చూపే వెబ్‌సైటు సందర్శకుని మోసగిస్తుంది. సెలవని చూడక వచ్చి మూసిన గేటు ముందు నిలబడిన విద్యార్థి మళ్ళీ రాడు. వెంట తెచ్చిన నలుగురూ రారు. కాబట్టి పని అప్పగించేటప్పుడే మూడు సంగతులు వ్రాతలో ఉండాలి: ప్రతి నెలా సరిచూసే ఉద్యోగి ఎవరు, నిర్వహణకు ఏటా ఎంత సొమ్ము కేటాయించబడినది, వెబ్‌సైటు పేరు, తాళాలు గుత్తేదారు దగ్గర కాక మ్యూజియం చేతిలోనే ఉన్నాయా. మొదటి పుటలో “చివరిసారి సరిచూసిన తేదీ” కనబడితే నమ్మకం పెరుగుతుంది.

తయారైన నమూనాను ముందుగా అధికారులకు కాక ఐదారుగురు విద్యార్థులకు చూపాలి. “వచ్చే ఆదివారం ఇక్కడికి రావాలంటే ఏమి చేస్తారు?” అని అడిగి, మాట్లాడకుండా వారి వేళ్ళను గమనించాలి. వారు ఎక్కడ ఆగిపోతారో అక్కడే లోపం. ఫలితాన్ని కూడ ఎంతమంది పుట తెరిచారన్న లెక్కతో ముగించరాదు. టికెట్టు కిటికీ దగ్గర “ఎలా తెలిసి వచ్చారు?” అన్న ఒక్క ప్రశ్న వేసి, సమాధానాన్ని గీత గీసి గుర్తుపెట్టుకుంటే చాలు. మూడు నెలలలో ఏ పుట మనుషులను రప్పిస్తున్నదో తెలిసిపోతుంది.

ఈ పనికి తొందర కూడ ఉన్నది. 1982 జనవరిలో ప్రారంభమైన మిల్లు కార్మికుల సమ్మెలో సుమారు రెండున్నర లక్షలమంది పాల్గొన్నారు. ఆనాడు ఇరవై ఏళ్ళ వయస్సున్న కార్మికుడు నేడు అరవై దాటినవాడు. నలభై ఏళ్ళవాడు ఎనభై దాటినవాడు. మిల్లుల పొగగొట్టాల చోట గాజు మేడలు లేచాయి. ఆ మేడలను ఫొటో తీసినవారు వేలమంది. ఆ చోట మగ్గం నడిపిన చేతులకు తెలిసినది ఆ చేతులతోనే పోతున్నది. మ్యూజియం వస్తువును దాచగలదు. వస్తువు వాడిన మనిషి మాటను సమయానికి అడిగితేనే దాచగలదు.

ఈ సభకు విచ్చేసిన తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, సంఘాల పెద్దలు చేయదగిన పనులు చిన్నవే. తమ వార్డులోని, తమ నగరంలోని మ్యూజియం వెబ్‌సైటును ఇంటి పిల్లలతో ఈ వారమే తెరిపించవచ్చు. అందులో దొరకనిదేమిటో వ్రాసి నిర్వాహకులకు పంపవచ్చు. తెలుగు ధ్వనికి గొంతు ఇవ్వవచ్చు. ఇంట్లోని పాత జీతపు చీటీ, మిల్లు గుర్తింపు కార్డు, పెళ్ళినాటి ఫొటో ఏవైనా ఉంటే వాటిని పారవేయక ముందు మ్యూజియం వారికి ఒకసారి చూపవచ్చు. చెన్నైలోనైనా, బెంగళూరులోనైనా, బరంపురంలోనైనా ఈ మాట వర్తిస్తుంది. నగరాన్ని కట్టిన వారి సంతతికి ఆ నగరపు మ్యూజియం పరాయి ఇల్లు కాదు. ఆ సంగతి పిల్లలకు వారి చేతిలోని ఫోను ద్వారానే తెలియాలి. తెలిపే బాధ్యత మ్యూజియానిది ఎంతో, పెద్దలది అంతే.